వెలుగు చూడని కృషి

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మదరాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి ఒక ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రమే దక్కింది. విద్యను కొలవవలసిన చోట వస్త్రాన్ని కొలిచారన్నమాట!

అనంతరం అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన సాగించారు. రక్తమూత్రాలలోని భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి లెక్కకట్టే పద్ధతిని 1925లో ఇరువురూ ప్రచురించారు. ప్రతి మెట్టునూ వివరించి వెల్లడించడం వల్ల అది అనేక దేశాల ప్రయోగశాలలకు అందింది. నేటికీ జీవరసాయన విద్యార్థులు దానిని ఆ ఇద్దరి పేర్లతోనే అభ్యసిస్తున్నారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.లను కూడా వారు కనుగొన్నారు.

అయితే సుబ్బారావు వేరుచేసిన పదార్థాలన్నింటికీ ఆ భాగ్యం కలగలేదు. కొన్ని న్యూక్లియోటైడ్ల సమాచారాన్ని ఫిస్క్ అసూయ చేత కాబోలు వెలుగు చూడనీయలేదనీ, ఏళ్ల తరువాత ఇతరులు వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చిందనీ జార్జ్ హిచింగ్స్ తెలియజేశారు. ఆయన ఆ ప్రయోగశాలలోనే పరిశోధించి, 1988లో నోబెల్ బహుమతిని పంచుకున్న శాస్త్రవేత్త. ఆ మరుగుపాటు వల్ల నష్టపోయినది సుబ్బారావు ఒక్కరే కాదు. దొరికిన దానినే తిరిగి వెదకడంలో శాస్త్రానికి ఎంతో కాలం వృథా అయింది.

హార్వర్డు ఆయనకు శాశ్వతోద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరిన సుబ్బారావు, ఫోలిక్ ఆమ్లం తయారీకీ, బోదవ్యాధికి వాడే హెట్రజాన్ మందుకూ కారకులైన బృందాలను నడిపించారు. అక్కడ రూపొందిన అమినోప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పసివారికి తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించి, ఆ ఫలితాలను 1948 జూన్‌లో లోకానికి వెల్లడించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు.