మాదరి భాగ్యరెడ్డివర్మ

హైదరాబాదు నగరమునకుఁ బోయి చాదర్‌ఘాటు ప్రాంతమున సంచరించు మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి విద్యార్థులకు ఆదిహిందూ భవనమను పేరు వినబడకపోదు. ఆ పేరు వెనుక నొక పురుషుని జీవితము గలదు. ఆయన రాజు కాడు, జాగీరుదారు కాడు, కళాశాల మెట్లెక్కినవాడును గాడు. అయినను చదువుల గుడి తలుపులు మూసియుంచబడిన పిల్లల కొరకు బడులు తెఱచి, ఆ పిల్లలలోనుండియే తమ జాతికి దారిచూపువారిని సిద్ధపఱుపవలెనని తన యాయువును ధారపోసెను. ఆయనయే మాదరి భాగ్యరెడ్డివర్మ.

ఈయన 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీన హైదరాబాదున మాల కులమునందు జన్మించెను. తండ్రి వెంకయ్య, తల్లి రంగమాంబ. తలిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. వారి కులగురువు ఆ పేరును భాగ్యరెడ్డి యని మార్చెను. రెడ్డి యను మాట రేడు అను మాటనుండి పుట్టినదనియు, ఈ నేలను పూర్వమేలినవారు ఈ జనులేయనియు ఆ గురువు తలంపు. భాషాశాస్త్రజ్ఞు లీ వ్యుత్పత్తి నంగీకరింతురో లేదో యది వేఱు మాట. ఊరి వెలుపల నుండుమని శాసింపబడిన యింటిలో నొక శిశువునకు ఏలికల పేరు పెట్టుటకు ఎంత గుండెనిబ్బరము కావలయునో పాఠకులే యూహింపవచ్చును. వర్మ యను బిరుదము తరువాతిది. 1913లో ఆర్యసమాజమువారు ఆయన సేవకు మెచ్చి యిచ్చినది.

తండ్రి చిన్ననాడే గతించుటచే కుటుంబభారము తల్లిపై బడెను. బాలుడు పొట్టకూటికై డాస్ శాంటోస్ అను బారిష్టరు నింట పనికి గుదిరెను. ఇచ్చట మన బాలబాలికలు కొంచెము నిలిచి చూడవలసిన సంగతి యున్నది. ఆ బారిష్టరు తన యింట పనిచేయు కుఱ్ఱవానికి జీతము పడవేసి యూరకుండక చదువుకొనుటకు ప్రోత్సాహ మిచ్చెను. దరఖాస్తు లేదు, పరీక్ష లేదు, కమిటీ లేదు. ఒక మనుష్యుడు మఱియొక మనుష్యుని తెలివిని గుర్తించుటయే ఆనాటి విద్యార్థివేతనము. ఆ యింటిలో భాగ్యరెడ్డికి గ్రంథములును, లోకజ్ఞానమును, తనవారి దుస్థితిని గూర్చి యాలోచించు నలవాటును గలిగెను.

1906లో, అనగా పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఆయన జగన్మిత్రమండలిని స్థాపించెను. అక్షరములు రానివారికి కరపత్రము లేమి ప్రయోజనము? కావున హరికథలు, భజనలు, ఉపన్యాసములు ఆయన సాధనములయ్యెను. 1911లో ఆ మండలి మాన్యసంఘమయ్యెను. మాన్యులనగా గౌరవింపదగినవారు. పేరు పెట్టుటలోనే ఆయన సగము యుద్ధము చేసెనని నా యభిప్రాయము.

1910లో ఇసామియాబజారునందు బడి పెట్టబడెను. నిజాము రాజ్యమున ఉరుదూ రాజభాషగా నుండెను. పాఠశాలలలో తెలుగునకు గల స్థానము స్వల్పము. దళితుల పిల్లలకు రెండు గోడలు అడ్డము: కులమొకటి, భాషయొకటి. భాగ్యరెడ్డివర్మ తన బడులలో తల్లిభాషయైన తెలుగులో చదువు చెప్పించి రెండు గోడలకును ఒక్కసారి గండికొట్టెను. ధనము ఎక్కడిది? చందాలు, దాతల సాయము, సంఘసభ్యుల పైసలు. తండ్రి కూలికిఁ బోవును, తల్లి కూలికిఁ బోవును, పిల్లవాడు బడికి వచ్చిన నాటి కూలి పోవును. అట్టి యిండ్లకుఁ బోయి పిల్లలను బడికి రప్పించుట డబ్బు సేకరించుటకన్న కష్టమైన పని. అయినను 1933 నాటికి 26 పాఠశాలలును, వానియందు రమారమి 2,500 మంది పిల్లలును ఉండిరి. ఒక్క పాఠశాలను నడపుటకే మన యుపాధ్యాయులు పడు శ్రమ నెఱిగిన తలిదండ్రులు ఈ సంఖ్యల బరువు నెఱుగుదురు.

1917 నవంబరులో బెజవాడయందు పంచమ మహాసభ జరిగెను. హైదరాబాదునుండి బెజవాడకుఁ బోవు రైలుమార్గము మన జనగామ, మానుకోటల మీదుగానే సాగును. ఆ మార్గమున కిరువైపుల నున్న పల్లెలలో ఆ దినములందు వెట్టిచాకిరి ప్రబలి యుండెను. పిలువగానే పోవలెను, అడుగగానే మోయవలెను, కూలి యడుగరాదు. అట్టి కాలమున ఇరువదితొమ్మిదేండ్ల యువకుడు ఆంధ్రదేశపు సభకు అధ్యక్షుడయ్యెను. సభ జరుగు దినములలో నగరమందలి దేవాలయపు తలుపులు మూసివేయబడెను. అధ్యక్షుడు దానికి వెఱవలేదు. పంచమ శబ్దమునకు శాస్త్రములలో ఆధారము లేదనియు, ఈ జనులు ఈ నేలకు మొదటివారు గనుక ఆదిఆంధ్రులనుటయే న్యాయమనియు వాదించెను. సభవారు సమ్మతించిరి. పంచమ సభగా మొదలైనది ఆదిఆంధ్ర సభగా ముగిసెను.

అన్యులను మాత్రమే తప్పుపట్టి తనవారిని పొగడుట నాయకులకు సులభము. ఆయన యట్లు చేయలేదు. కల్లు సారాయములను మానుమనెను. దేవతల పేర జంతుబలులు వలదనెను. బాలికలను జోగినులుగా విడుచు దురాచారమును మాన్పుటకు ఊరూర బోధించి, ప్రభుత్వమునకు విన్నపములు పంపెను. కులపంచాయితీలలో తగవు తీర్చు పెద్దలు త్రాగి తీర్పు చెప్పుట, జరిమానా సొమ్ముతో మరల త్రాగుట ఆనాటి యాచారము. దానిని సంస్కరించి తగవులను నెమ్మదిగా విచారించు పద్ధతి నేర్పఱచెను. యువకులను స్వచ్ఛంద సేవకులుగా చేర్చుకొని సభల నిర్వహణము, ప్రచారము, ఉపన్యాసము వారికి నేర్పెను. నాయకత్వము పుస్తకములో చదివిన రాదు గదా.

ఆయన సంఘమునందు భేదములు పుట్టలేదని చెప్పుట సత్యము కాదు. అరిగె రామస్వామి మొదలగు తోడి నాయకులు వేఱుగా సంఘములు పెట్టి పనిచేసిరి. మాల మాదిగల నడుమ సఖ్యము కోరినంత త్వరగా కుదరలేదు. ఇదియు ఆ చరిత్రలోని భాగమే.

1920వ దశకపు మొదటి భాగమున మాన్యసంఘము ఆదిహిందూ సంఘసేవాసమాజమయ్యెను. 1931 జనాభా లెక్కలలో హైదరాబాదు ప్రభుత్వము ఆదిహిందువు లను పేరును గ్రహించెను. ఆ సంవత్సరమే భాగ్యరెడ్డివర్మ భాగ్యనగర్ అను పత్రికను స్థాపించి తానే సంపాదకుడై నడపెను. ఒకనాడు పరుల యింట పనిచేసిన చేతులే పత్రిక దిద్దినవి.

పాఠశాలలు తుదకు సర్కారువారి యధీనమయ్యెను. దీనిని లాభమనవలెనా, నష్టమనవలెనా? ఉపాధ్యాయులకు జీతము నిలుకడగా దొరుకుట లాభమే. కాని చందాపుస్తకము చేతబట్టి తిరిగినవాని శ్రద్ధ సర్కారు రిజిస్టరునకు వచ్చునా యను సందేహము నాకు గలదు.

ఇదే కాలమున తక్కిన దేశమునందును ఇట్టి ప్రయత్నములు జరుగుచుండెను. కొల్హాపురమున సాహు మహారాజు వెనుకబడినవారికి వసతిగృహములు కట్టించెను. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడు 1913లో అంబేద్కరునకు విద్యార్థివేతన మిచ్చి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకుఁ బంపెను. అచ్చట ఒక మహారాజు ఒక మేధావిని సముద్రము దాటించెను. ఇచ్చట రాజ్యము లేనివాడొకడు వేలమంది పసివారిని బడిగడప దాటించెను. రెండును కావలసినవే, అయినను రెండవదానికి పత్రికలలో చోటు తక్కువ.

భాగ్యరెడ్డివర్మ 1939 ఫిబ్రవరి 18న మరణించెను. అప్పటికి ఆయనకు ఏబదియొక్క యేండ్లు నిండలేదు. తరువాత ఐదేండ్లకు, 1944లో, మెట్రిక్యులేషను దాటిన షెడ్యూల్డు కులముల విద్యార్థులకు భారతప్రభుత్వము వేతనముల పథకము నారంభించెను. అది నేటికిని సాగుచున్నది. మన మూడు జిల్లాలలో పదవ తరగతి ముగించి పై చదువునకుఁ బోవు పిల్లలెందఱో ప్రతి సంవత్సరము దాని కొరకు దరఖాస్తు నింపుదురు. అందులో తండ్రిపేరు, ఊరిపేరు, కులముపేరు వ్రాయు గడు లుండును. ఇసామియాబజారు బడిలో మొదటి పలక పట్టిన పిల్లలకు అట్టి కాగితము లేదు. వారికి భాగ్యరెడ్డివర్మ గడపగడపకుఁ దిరిగి తెచ్చిన చందాయే యుండెను.