మంచం పక్కనే పాఠం చెప్పిన వేలూరు డాక్టరమ్మ

ఇంట్లో ఎవరికైనా అంతు చిక్కని జబ్బు చేస్తే మన అనంతపురం వాళ్లకు ముందుగా గుర్తొచ్చే ఊళ్లు బెంగళూరు, వేలూరు. వేలూరు వెళ్లొచ్చిన వాళ్లను ఒకసారి అడిగి చూడండి. పెద్ద డాక్టరు దగ్గరికి పంపే ముందు ఒక కుర్ర డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడతారు. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎలా ముదిరింది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడుగుతారు. నాడి చూసి, పొట్ట నొక్కి చూసి అన్నీ రాసుకుంటారు. కొందరికి ఇది విసుగనిపిస్తుంది. కానీ డాక్టర్లు తయారయ్యేది ఇలాగే. ఆ ఆసుపత్రిలో ఈ చదువుకు పునాది వేసిన డాక్టరమ్మ పేరు ఐడా స్కడర్.

ధాత కరువులో బాల్యం

ఐడా 1870 డిసెంబరు 9న వేలూరు పక్కనున్న రాణిపేటలో పుట్టారు. వాళ్లది అమెరికా నుంచి వచ్చిన మిషనరీ వైద్యుల కుటుంబం. తాత, తండ్రి ఇద్దరూ డాక్టర్లే. ఆమెకు ఆరేడేళ్ల వయసులో 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. మన పెద్దలు తరతరాలుగా చెప్పుకొన్న కరువు అదే. అప్పటికి అనంతపురం జిల్లా ఏర్పడలేదు, ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. ఆకలితో నిలబడే శక్తి కూడా లేని పిల్లలకు రొట్టె ముక్కలు పంచే పని చిన్నారి ఐడాకు పడింది. ఆ తర్వాత చదువు కోసం అమెరికా వెళ్లిన ఆమెకు మళ్లీ ఈ దేశానికి రావాలనే కోరిక లేదు.

1890లో తల్లికి జబ్బు చేయడంతో తిండివనం వచ్చారు. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ప్రాణాపాయంలో ఉన్నారు. ఐడా తండ్రి వెళ్లడానికి సిద్ధమే. కానీ మగ డాక్టరు తమ ఆడవాళ్లను తాకడానికి వాళ్లు ఒప్పుకోలేదు. సాయం చేయమని ఐడాను బతిమాలారు. ఆమెకు వైద్యం రాదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. డాక్టరు కావాలని ఆమె నిశ్చయించుకున్నది అప్పుడే.

ఒక్క మంచంతో మొదలు

న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలలో 1899లో పట్టా తీసుకుని 1900లో వేలూరు చేరారు. ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. అదే ఏడాది తండ్రి చనిపోయారు. అమెరికాలో ఒక బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పది వేల డాలర్లతో 1902లో 40 పడకల ఆసుపత్రి లేచింది.

ఆసుపత్రి దాకా రాలేని పల్లె జనం కోసం ఆమే బయలుదేరారు. మొదట ఎద్దుల బండిలో, తర్వాత మోటారులో వేలూరు నుంచి గుడియాత్తం దారిన వెళ్లేవారు. దారిలో చెట్ల కింద ఆగితే పుండ్లు, కంటి జబ్బులు, కుష్ఠుతో బాధపడేవాళ్లు అక్కడ కాచుకుని ఉండేవారు.

ఎంత తిరిగినా ఒక్క డాక్టరు ఎన్ని ఊళ్లు చూడగలదు? తనలాంటి వాళ్లు వందలమంది కావాలని ఆమెకు అర్థమైంది. 1918లో అమ్మాయిలకు వైద్య పాఠశాల తెరిచారు. చేరేవాళ్లే ఉండరని పెదవి విరిచినవాళ్లు ఉన్నారు. 1922లో మొదటి బ్యాచ్‌లో 14 మంది పట్టా పుచ్చుకున్నారు. ఈ విద్యార్థినులు పుస్తకంతో పాటు వార్డులోనూ, రోడ్డు పక్క చెట్టు కిందా పాఠం నేర్చుకున్నారు.

ప్రభుత్వం పాత లైసెన్షియేట్ చదువు రద్దు చేసినప్పుడు ఆ పాఠశాల మూతపడే పరిస్థితి వచ్చింది. అయినా ఆమె వదిలిపెట్టలేదు. 1942లో ఎం.బి.బి.ఎస్. మొదలైంది, 1947లో అబ్బాయిలనూ చేర్చుకున్నారు. ఆ తర్వాత సంస్థ పగ్గాలు పట్టిన తొలి భారతీయురాలు మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్. ఐడా 1960 మే 24న కొడైకెనాల్‌లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చేతితో తెలిసే జబ్బు

స్కానింగులు ఇన్ని వచ్చాక ఇంకా ఆ చూడటం, తాకడం ఎందుకని మీరు అడగొచ్చు. కింది కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే రక్తహీనత అనుమానించవచ్చు. పొట్ట మీది చర్మం పట్టి వదిలాక మడత నెమ్మదిగా పోతే పిల్లాడి ఒంట్లో నీరు బాగా తగ్గినట్టు. దగ్గు ఉన్న ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ నిమిషానికి 40 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అనుమానించాలి. 2 నుంచి 12 నెలల లోపు బిడ్డకైతే ఆ లెక్క 50. నిండు గర్భిణి పొట్ట తాకి బిడ్డ అడ్డం తిరిగిందేమో పసిగట్టవచ్చు. పెద్దాసుపత్రికి గంటల దూరంలో ఉన్న మన పల్లెల్లో ముందుగా అక్కరకొచ్చేది ఈ విద్యే. ఇది మనుషుల దగ్గరే నేర్చుకోవాలి, బొమ్మల మీద సాధన చేసినా సరిపోదు.

అనంతపురంలోనూ 2000 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. సర్వజనాసుపత్రిలో మీ అమ్మగారి మంచం చుట్టూ నలుగురు విద్యార్థులు చేరితే చిరాకు పడకండి. జబ్బు కథ మొదటి నుంచి వరసగా చెప్పండి, వాడుతున్న మందుల చీటీ చూపించండి. ముందుగా మీ అనుమతి అడగమనండి. ఆడవాళ్లను పరీక్షించేటప్పుడు పక్కన ఒక మహిళ ఉండాలని కోరండి. ఇష్టం లేకపోతే వద్దని చెప్పే హక్కు మీకుంది, దానివల్ల మీ వైద్యం ఆగకూడదు. విద్యార్థి చూశాక పెద్ద డాక్టరు కూడా చూశారో లేదో కనుక్కోండి.

మీ అమ్మగారు ఇచ్చే ఆ పది నిమిషాలతో ఒక విద్యార్థి చేయి పని నేర్చుకుంటుంది. రేపు ఏ కళ్యాణదుర్గం పల్లెలోనో, ఏ మడకశిర పల్లెలోనో ఒక అర్ధరాత్రి కాన్పు కష్టమైతే ఆ చెయ్యే తల్లిని కాపాడవచ్చు.