జార్జి మేలొరీ: తెగని వాదము

మన పాఠశాల వాదసభలలో గొంతు హెచ్చినవానిదే గెలుపని తలంచు బాలురు కొందఱు కలరు. వారి మేలు గోరి, నూఱేండ్లు దాటినను తెగని యొక వాదమును, దానికి కారకుడైన యొక ఉపాధ్యాయుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జార్జి మేలొరీ 1886వ సంవత్సరము జూన్ 18వ తేదీన ఇంగ్లండులో చెషైరు మండలమందలి మాబర్లీ గ్రామమున నొక క్రైస్తవ గురువునకు జన్మించెను. వించెస్టరు పాఠశాలలో చదువునాడే ఆయనకు పర్వతారోహణమం దాసక్తి కలిగెను. కేంబ్రిడ్జిలో విద్య ముగించి 1910లో చార్టర్‌హౌస్ పాఠశాలలో నుపాధ్యాయుడై, శిష్యులను మిత్రులవలె చూచుచుండెను. పిమ్మట కవియై పేరొందిన రాబర్టు గ్రేవ్సు ఆయన శిష్యుడే. 1914లో రూతు టర్నరును వివాహమాడి, మహాయుద్ధమున ఫిరంగి దళములో పనిచేసెను.

ఎవరెస్టు నామము మన సీమకు క్రొత్తది కాదు. ఆ శిఖరమునకు ఎవని పేరిడిరో ఆ జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడిమి యడవులలో భూమిని కొలుచుచు విషజ్వరము పాలయ్యెను. మామిడితోటల నడుమ పెరిగిన బాపులపాటి బాలురకు మంచుకొండ దూరమైనను, దాని పేరుగలవాడు మనకు పొరుగుననే తిరిగినవాడు.

మేలొరీ 1921లో ఆ శిఖరమునకు దారి వెదకిన బృందములో నుండెను. 1922 జూన్ 7వ తేదీన మంచు విఱిగిపడి బరువులు మోయు సహాయకు లేడుగురు మరణించిరి. ఆ నేరమును మేలొరీ తనపై వేసికొని మిక్కిలి దుఃఖించెను. 1924లో మూడవసారి వెళ్లి, జూన్ 8వ తేదీన ఇర్విను అను యువకునితో, ప్రాణవాయువు సీసాలు ధరించి పైకి సాగెను. ఓడెల్ అను సహచరుడు మధ్యాహ్నము 12 గంటల 50 నిమిషములకు మబ్బు విడిన క్షణమున గట్టుపై ఇరువురిని చూచెను. మరల వారిని ప్రాణములతో నెవ్వరును చూడలేదు.

ఆ యాత్రను కెప్టెన్ జాన్ నోయెల్ చలనచిత్రముగా తీసెను. మంచుపై చీమలవలె కదలు మనుష్యులును, ఆశ లేదని తెలుపుటకు మంచుపై సిలువగా పఱచిన కంబళ్లును అందు గలవు; శిఖరాగ్రమున నిలిచిన మేలొరీ మాత్రము లేడు.

వాదమిట మొదలయ్యెను. 1933లో మంచుగొడ్డలి దొరకెను. 1999 మే 1వ తేదీన మేలొరీ దేహము సుమారు 26,760 అడుగుల యెత్తున కనబడెను. 2024లో ఇర్విను పాదము దొరకెను. శిఖరమున నుంచెదనన్న భార్య చిత్తరువు మేలొరీ జేబులో లేదనియు, నల్లకండ్లద్దములు జేబులో నుండుటచే ప్రొద్దు గ్రుంకిన పిదప దిగుచుండెననియు ఒక పక్షమువారందురు. రెండవ మెట్టను నిట్టనిలువు బండ నాటి సాధనములకు లొంగదనియు, వారి ఛాయాయంత్రము దొరకలేదనియు రెండవ పక్షమువారందురు. ఓడెల్ కూడ తాను చూచినది ఏ మెట్టుపైననో తరువాత సందేహించెను.

1960 మే 25వ తేదీన చీనా దేశస్థులు ఈ ఉత్తరపు దారినే చీకటిలో శిఖరము చేరి, ఛాయాచిత్రము తీయలేకపోయిరి. చిత్రము లేదని పశ్చిమ దేశములలో పలువురు వారిని చాలకాలము నమ్మలేదు. చిత్రము లేకయే మేలొరీని నమ్మినవారును అచ్చటనే యుండిరి. ప్రియమైన వానికొక తూనిక, పరునికొక తూనిక యుంచుట న్యాయమా? తరువాత చీనావారి ఆరోహణమును పెక్కురు అంగీకరించిరి.

టెన్సింగు, హిల్లరీలు 1953 మే 29వ తేదీన శిఖరము చేరిరి. హిల్లరీ అచ్చట మేలొరీ జాడలకై చూచి, యేమియు కానలేదు. ఎక్కి దిగివచ్చిననే ఆరోహణము పూర్తియగునని మేలొరీ కుమారుడే తలంచెను.

మేలొరీ తాను గెలిచితినని చెప్పలేదు. చెప్పుటకు తిరిగి రాలేదు. ఆయన ధైర్యమునకు శిఖరము సాక్ష్యమక్కరలేదు. కావున విద్యార్థులు వాదించునపుడు కంటికి కనబడినది, ఊహించినది, కోరుకొన్నది అను మూటిని వేఱువేఱుగా నుంచి, సాక్ష్యము ముగిసినచోట తామును ఆగవలెనని మేము కోరుచున్నాము.