భయాన్ని దాటిన పద్యం: మహాకవి గుర్రం జాషువా

మన మయూర్ విహార్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కి యమున దాటితే కాసేపట్లో మండీ హౌస్ స్టేషన్ వస్తుంది. ఆ దగ్గర్లోని రవీంద్ర భవన్‌లో కేంద్ర సాహిత్య అకాడమీ ఉంది. ఇరవైకి పైగా భారతీయ భాషల్లో మంచి పుస్తకాలకు ఏటా బహుమతి ఇచ్చే సంస్థ అది. 1964లో తెలుగుకు ఆ బహుమతి తెచ్చిన పుస్తకం 'క్రీస్తు చరిత్ర'. ఏసుక్రీస్తు జీవితాన్ని పద్యాల్లో చెప్పిన కావ్యం అది. రాసినవారు మహాకవి గుర్రం జాషువా. అప్పటికి ఆయనకు దాదాపు డెబ్భై ఏళ్లు. ఆ పుస్తకం దాకా ఆయన ఎలా వచ్చారో తెలుసుకుంటే, భయపడే ప్రతి విద్యార్థికీ ధైర్యం కలుగుతుంది.

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండ ప్రాంతంలో పుట్టారు. అది అప్పట్లో కృష్ణా జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. తల్లి లింగమాంబ, తండ్రి వీరయ్య. ఇద్దరివీ వేర్వేరు కులాలు. క్రైస్తవ కుటుంబం కాబట్టి కొడుక్కి బైబిలులోని పేరు పెట్టుకున్నారు. బైబిలులో మోషే తర్వాత తన ప్రజలను నడిపించే బాధ్యత జాషువా మీద పడుతుంది. అంత పెద్ద పని ముందు నిలబడిన అతనికి దేవుడు మళ్లీ మళ్లీ చెప్పే మాట ఒక్కటే: భయపడవద్దు, నేను తోడుంటాను అని. మన కవికి ఆ పేరుతో పాటు ఆ ధైర్యం అవసరమయ్యే జీవితం కూడా వచ్చింది.

బడిలో చేరాకే అంటరానితనం అంటే ఏమిటో ఆ పిల్లవాడికి తెలిసింది. తోటి పిల్లలు దూరం జరిగేవారు. పద్యాలు, సంస్కృత కావ్యాలు కొందరి సొత్తు అని చాలామంది అనుకునే కాలం అది. అయినా జాషువాకు పద్యం మీద మనసు పడింది. అందరూ తలుపులు మూసినవాళ్లే కాదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు ఆయనకు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చెప్పారు. దీపాల పిచ్చయ్యశాస్త్రి గారు చిన్ననాటి స్నేహితుడిగా ప్రోత్సహించారు. ఒకరిద్దరి ఆదరణ ఉంటే చాలు, మనిషి ఎంత దూరమైనా నడవగలడు.

ఒకసారి వినుకొండలో అవధాన సభ జరిగింది. అవధానం అంటే సభలోని పండితులు అడిగినదానికల్లా కవి అక్కడికక్కడే పద్యం చెప్పే విద్య. ఆ సభలో యువకుడైన జాషువా లేచి తన పద్యాలు చదివారు. పద్యం బాగుందా లేదా అని ఆలోచించకుండా, ఈ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. నలుగురిలో అవమానం పడినవాడికి మళ్లీ నోరు విప్పాలంటే ఎంత కష్టమో మనం ఊహించగలం.

ఇంకో పక్క మరో ఇబ్బంది. ఆయన 'రుక్మిణీ కళ్యాణం', 'ధ్రువ విజయం' వంటి పురాణ కథలు కూడా రాశారు. క్రైస్తవుడై ఉండి హిందూ కథలు రాయడమేమిటని ఇటు చర్చి పెద్దలకు కోపం వచ్చింది. క్రైస్తవుడికి మన పురాణాలెందుకని అటువాళ్లు అన్నారు. ఇద్దరికీ కాని మనిషిగా మిగిలిపోయారు ఆయన. నేను రాయవచ్చా, నా మాట ఎవరైనా వింటారా అనే సందేహం రావడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

సంసారం కూడా తేలిగ్గా సాగలేదు. 1910లో మేరీ గారితో పెళ్లయింది. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగం పోయాక రాజమండ్రి వెళ్లి 1915, 16 సంవత్సరాల్లో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. అంటే తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథనూ మాటలనూ చదివి వినిపించే పని. సభలో నోరు మూయించాలని చూసిన మనిషి సినిమా హాలులో ఆ మూగ బొమ్మలకు గొంతు ఇచ్చారన్నమాట! ఆ తర్వాత గుంటూరులో లూథరన్ సంఘం వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పనిచేశారు. 1928 నుంచి 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. పగలు పిల్లలకు పాఠాలు చెప్పిన ఆ సంవత్సరాల్లోనే గొప్ప కావ్యాలు రాశారు.

1932లో వచ్చిన 'ఫిరదౌసి' ఒక పారశీక కవి కథ. పద్యానికో బంగారు నాణెం ఇస్తానని గజనీ మహమ్మదు మాట ఇచ్చాడట. ఏళ్ల తరబడి కష్టపడి కావ్యం పూర్తి చేస్తే వెండి నాణేలు పంపాడట. కష్టానికి విలువ దక్కని కవి బాధను జాషువా కంటే బాగా ఎవరు చెప్పగలరు?

1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు కథలో యక్షుడు మేఘంతో సందేశం పంపుతాడు. జాషువా కథలో గుడిలోకి అడుగు పెట్టనివ్వని ఒక పేదవాడు గబ్బిలంతో తన గోడు శివుడికి పంపుకుంటాడు. గబ్బిలమే ఎందుకు? మనిషిని ఆపిన గుడిలో గబ్బిలం హాయిగా వేలాడుతుంది, దాన్ని ఎవరూ పొమ్మనరు. దేవుడి చెవిలో మాట వేయగల చుట్టం అదొక్కటే! చిన్నప్పుడు చదువుకున్న మేఘసందేశం ఆయన చేతిలో ఇలా కొత్త ప్రాణం పోసుకుంది. 'హరిశ్చంద్ర' నాటకంలో కాటి సీను వచ్చినప్పుడు నటులు ఆయన శ్మశాన పద్యాలు పాడేవారు. ఆయన్ని సభకు రానివ్వని ఊళ్లలో కూడా ఆయన పద్యం నాటకం మెట్లెక్కి నిలబడింది.

తర్వాత వచ్చినదే 'క్రీస్తు చరిత్ర'. ఏసు పశువుల పాకలో పుట్టాడు, వడ్రంగి ఇంట్లో పెరిగాడు. కుష్ఠురోగులను చేత్తో తాకాడు, ఊరు వెలివేసినవారితో కలిసి భోంచేశాడు. చనిపోయే ముందు రాత్రి తోటలో ఆయన కూడా ఎంతో వేదన పడ్డాడని, అయినా ప్రార్థన చేసి లేచి నిలబడ్డాడని సువార్తలు చెబుతాయి. అంటరానితనం అనుభవించిన కవి ఈ జీవితాన్ని పద్యంగా మలచడంలో ఆశ్చర్యమేముంది? విశ్వాసం అంటే భయం లేకపోవడం కాదనీ, భయంలోనూ మన పక్కన ఒకరున్నారని నమ్మి పని మానకపోవడమనీ ఈ కథ మనకు నేర్పుతుంది. చర్చి పెద్దలు కోప్పడ్డారని జాషువా క్రీస్తును వదల్లేదు. క్రీస్తును ప్రేమించారని కాళిదాసును వదల్లేదు. తనకు కుల మతాల గీతలు లేవనీ, తాను విశ్వమానవుణ్ణనీ చెప్పుకున్నారు. ఆయన కుమార్తె హేమలత నాస్తికుడైన గోరా గారి కుమారుడు లవణం గారిని పెళ్లాడి, జోగిని వ్యవస్థను రూపుమాపడానికి పాటుపడ్డారు. ఆ ఇంట్లో ధైర్యం ఒక తరంతో ఆగలేదు.

గౌరవాలు ఆలస్యంగానైనా వచ్చాయి. పెద్దకవి చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. కవికి తెలుగునాట అంతకు మించిన సత్కారం లేదు. 1957 నుంచి 59 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. 1964లో రాష్ట్ర శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

మన అమ్మానాన్నలకు బదిలీ అయినప్పుడల్లా మనకు కొత్త ఊరు, కొత్త తరగతి, కొత్త స్నేహితులు. వారం రోజులు చివరి బెంచీలో కూర్చుని, నా హిందీ విని నవ్వుతారేమో, నా తెలుగులో తప్పులున్నాయేమో అని భయపడతాం. మన కష్టం జాషువా పడినదానితో పోల్చదగినది కాదు. కానీ ఆయన కనుక్కున్న మందు మనకూ పనికొస్తుంది: దేవుడు మనకు ఇచ్చిన మాటను నమ్మడం, దానికి రోజూ సానపట్టడం, వెక్కిరించినవారి మీద కోపంతో దాన్ని పారేసుకోకపోవడం. అంతేకాదు, మన తరగతిలోకి కొత్తగా వచ్చి మూల కూర్చున్న పిల్లవాడికి మనమే ముందుగా చోటిద్దాం. జాషువాకు హనుమచ్ఛాస్త్రి గారు చేసింది అదే కదా!