స్వస్థతకు చాటింపు వేయని సాధువు

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో బైబిలు పక్కన తరచుగా కనిపించే పుస్తకాల్లో సాధు సుందర్ సింగ్ జీవిత చరిత్ర ఒకటి. కాషాయ వస్త్రం, తలపాగా, చెప్పులు లేని పాదాలు, హిమాలయాల మంచులో ఆయన చేసిన ప్రయాణాలు సండేస్కూలు పిల్లలకు సైతం తెలుసు. అయితే ఆయన జీవితంలో మనం అంతగా చెప్పుకోని ఒక నిర్ణయం ఉంది. తాను ప్రార్థించిన రోగి బాగుపడితే ఆయన ఆ సంగతిని చాటుకోలేదు సరికదా, ఇకమీదట అలా చేయకూడదని నిశ్చయించుకున్నారు. స్వస్థత సభల ప్రకటనలు గోడలు, ఫ్లెక్సీలు దాటి టీవీల్లోకి, సెల్‌ఫోన్లలోకి వచ్చిన ఈ రోజుల్లో ఆ నిర్ణయాన్ని మనం జ్ఞాపకం చేసుకోవాలి.

సుందర్ సింగ్ 1889 సెప్టెంబరు 3న పంజాబులోని రాంపూర్‌లో సంపన్న సిక్కు కుటుంబంలో జన్మించారు. భక్తిపరురాలైన తల్లి ఆయన్ని చిన్ననాటి నుంచే సాధువుల దగ్గరకు తీసుకెళ్లేది. తన కొడుకు కూడా సాధువు కావాలని ఆశించేది. 14 ఏళ్ల వయసులో ఆ తల్లిని పోగొట్టుకోవడంతో ఆయన మనసు కకావికలమైంది. మిషన్ పాఠశాలలో క్రైస్తవ బోధను తీవ్రంగా ద్వేషించి, సువార్త పుస్తకాన్ని మంటల్లో వేసి కాల్చారు. అయినా శాంతి దొరకలేదు. నిజదేవుడు తనకు కనిపించకపోతే తెల్లవారి రైలు కింద పడి చనిపోవాలనుకుని రాత్రివేళ ప్రార్థనకు కూర్చున్నారు. 1904 డిసెంబరు 18న తెల్లవారుజామున క్రీస్తు దర్శనం కలిగిందని ఆయన జీవితాంతం సాక్ష్యమిచ్చారు. ఇంటివాళ్లు ఆయన్ని వెలివేశారు. 1905లో తన 16వ పుట్టినరోజున సిమ్లాలో బాప్తిస్మం పొంది, కొద్ది వారాలకే కాషాయం ధరించి, ఒక కొత్త నిబంధన, ఒక దుప్పటితో బయలుదేరారు.

సేవ తొలినాళ్లలో ఆయన అమెరికా మిషనరీ శామ్యూల్ స్టోక్స్‌తో కలిసి సబాథులోని కుష్ఠురోగుల ఆశ్రమంలో, లాహోరు ప్రాంతంలోని ప్లేగు శిబిరంలో పనిచేశారు. అయినవాళ్లే దగ్గరకు రావడానికి భయపడే రోగుల పక్కన కూర్చుని పరిచర్య చేశారు. 1909లో లాహోరు వేదాంత కళాశాలలో చేరినా అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. సంఘశాఖల హద్దులు లేకుండా అందరికీ క్రీస్తును ప్రకటించాలన్న కోరికతో మళ్లీ కాలినడకన బయలుదేరారు.

1918లో ఆయన దక్షిణ భారతదేశంలో, సిలోనులో పర్యటించారు. ఈనాటి శ్రీలంకే ఆ సిలోను. అక్కడ ఒక తల్లి చావుబతుకుల్లో ఉన్న తన కుమారుడి కోసం ఆయన్ని ఆశ్రయించింది. తన చేతుల్లో ఏ శక్తీ లేదనీ, శక్తి ఉన్నది మేకులు దిగిన క్రీస్తు చేతుల్లోనేననీ ఆయన ఆమెకు నచ్చజెప్పబోయారు. తల్లి వదల్లేదు. ఆమె కన్నీళ్లు చూసి వెళ్లి, ఆ బాలుడి తలపై చెయ్యి ఉంచి ప్రార్థించారు. కొద్దిరోజులకే ఆ బాలుడు కోలుకుని తల్లితో పాటు సభకు వచ్చాడు.

వేరెవరైనా అయితే మరుసటి సభకు ఆ బాలుణ్ని వేదిక ఎక్కించేవారేమో! సుందర్ సింగ్ మాత్రం కలవరపడ్డారు. క్రీస్తు శక్తి వల్ల జరిగిందని ఎంత చెప్పినా జనం తన వైపే చూస్తున్నారు, తనలోనే ఏదో మహిమ ఉందనుకుంటున్నారు. ఇది మూఢవిశ్వాసానికి దారితీస్తుందనీ, తాను ప్రకటించే సువార్త పక్కకు పోతుందనీ ఆయన గ్రహించారు. స్వస్థతలకు పేరుపడిన మనిషిగా తాను ఉండకూడదని ఆనాడే తీర్మానించుకున్నారు. దేవుడు స్వస్థపరచగలడన్న నమ్మకం ఆయనలో సడలలేదు. ఆ నమ్మకం ఉండబట్టే ఆ ఘనతను తన పేరున రాసుకోవడానికి జంకారు.

ఇందులో ఆయన తన ప్రభువు అడుగుజాడల్లోనే నడిచారు. కుష్ఠురోగిని బాగుచేసిన యేసు ఆ సంగతి ఎవరితోనూ చెప్పవద్దని గట్టిగా ఆజ్ఞాపించి, యాజకునికి కనబరచుకొమ్మని పంపాడని మార్కు సువార్త మొదటి అధ్యాయం చెబుతుంది. ఆ కాలంలో ఆ వ్యాధి పోయిందో లేదో పరీక్షించి నిర్ధారించేది యాజకుడే. అంటే ప్రభువు ప్రచారం వద్దన్నాడు, పరీక్ష మాత్రం కావాలన్నాడు. యాకోబు పత్రికలో కూడా రోగి సంఘపెద్దలను తన దగ్గరకు పిలిపించుకుంటాడు. సంఘమే ప్రకటన వేసి రోగులను పిలవడం అక్కడ లేదు.

సుందర్ సింగ్ 1920లో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాల్లోనూ, 1922లో యూరప్‌లోనూ పర్యటించి ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. ఆ ప్రఖ్యాతితోనే వివాదమూ వచ్చింది. ఆయన చెప్పిన అద్భుతానుభవాలు నిజమా కాదా అని యూరప్ పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అద్భుతం గురించి నోరు విప్పిన వారెవరైనా, ఎంతటి భక్తుడైనా, పరీక్షకు నిలబడాల్సిందేనని ఆ వివాదం మనకు నేర్పుతుంది.

ఆ తర్వాత ఆయన ఆరోగ్యం దెబ్బతింది. గుండెజబ్బు, కంటిజబ్బు బాధించాయి. చివరి ఏళ్లు ఎక్కువగా సబాథులోనే గడిపి, పుస్తకాలు రాశారు. ఎవరి కోసం ప్రార్థిస్తే రోగి లేచాడో ఆయనే రోగిగా బతికారు. దాన్ని ఆయన విశ్వాసలోపమని ఎవరనగలరు? పౌలు సైతం త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వెళ్లాల్సి వచ్చింది కదా!

ఇప్పుడు మన సంగతి చూద్దాం. పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం ప్రాంతమంతా మందుల కంపెనీలే. దేశదేశాల రోగులు మింగే మందులకు ముడిసరుకు ఇక్కడ తయారవుతోంది. ఆ కంపెనీల్లో పగలూ రాత్రీ షిఫ్టులు చేసే కార్మికులు వెళ్లే దారిలోనే, ఎంతటి రోగమైనా ఒక్క ప్రార్థనతో పోతుందనే ఫ్లెక్సీ వెలిస్తే ఏమవుతుంది? టీబీ మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే రోగం మొండికేస్తుంది, ఇంట్లోవాళ్లకూ సోకుతుంది. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు. షుగరు రోగి ఇన్సులిన్ మానేసినా అంతే. ఆ కుటుంబం వీధిన పడినప్పుడు ఫ్లెక్సీ మీద ఫొటో వేయించుకున్నవారు అక్కడ ఉండరు.

మన దేశంలో 1954 నుంచే ఒక చట్టం ఉంది. క్యాన్సరు, షుగరు, ఫిట్స్, పక్షవాతం, కుష్ఠు వంటి 54 రోగాలను మంత్రాలతో, తాయెత్తులతో, కవచాలతో నయం చేస్తామని ప్రకటించడం దాని ప్రకారం నేరం. ఆ జాబితాలో ప్రార్థన అనే మాట లేదని మనవాళ్లు కొందరు సంతోషిస్తారు. తాయెత్తుకు తగని ప్రకటన ప్రార్థనకు మాత్రం ఎలా తగుతుంది? రోగుల కోసం ప్రార్థించే స్వేచ్ఛ ప్రతి మతానికీ ఉండాలి, దాన్ని కాపాడుకోవాలి. కానీ ఫలానా రోజు, ఫలానా మైదానంలో, ఫలానా దైవజనుడి చేత స్వస్థత ఖాయమని ప్రకటించే స్వేచ్ఛను ఏ మతమూ అడగకూడదు. దేవుని సమయాన్ని నిర్ణయించే అధికారం మనకెవరిచ్చారు? ఈ విషయంలో ప్రభుత్వం ముందుకు రాకముందే సంఘమే ముందడుగు వేయాలి.

సుందర్ సింగ్ 1929 ఏప్రిల్‌లో, ఆరోగ్యం సహకరించకపోయినా, మరోసారి టిబెట్‌కు బయలుదేరారు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. ఆయన సమాధి ఎక్కడో తెలియదు. తన పేరు చాటుకోని ఆ భక్తుణ్ని నేటికీ సంఘం మరచిపోలేదు.

మీ సంఘంలో ఎవరైనా జబ్బుపడితే వారి ఇంటికి వెళ్లండి. మంచం పక్కన మోకరించి, దేవుడు స్వస్థపరచగలడన్న పూర్తి నమ్మకంతో ప్రార్థించండి. తర్వాత మందులు వేసుకున్నారా అని అడగండి. తోడు లేకపోతే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లండి. దేవుడు బాగుచేస్తే ఆయన్ని స్తుతించండి. రోగం నయమైందని డాక్టరు చెప్పేవరకు మాత్రలు మాననివ్వకండి.