సారు పోంగనే ఆగిపోయిన పని

ఏ ఆఫీసుల చూసినా, ఏ కంపెనీల చూసినా ఒక ముచ్చట మామూలే. కొత్త సారు వస్తడు, నాలుగు రూల్స్ పెడ్తడు, ఆర్నెల్లు అంతా సక్కగ నడుస్తది. ఆ సారు ట్రాన్స్‌ఫర్ అయిన తెల్లారే అంతా మళ్లా మొదటికొస్తది. ఎందుకిట్లయితదో నాకు ఒక డాక్టర్ బతుకు చదివినంకనే సమజయింది. ఆయన పోయి 160 ఏండ్లయితంది.

పేరు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్. 1818ల హంగరీల బుడా పట్నంల పుట్టిండు. బుడా, పెస్ట్ కలిసే ఇప్పటి బుడాపెస్ట్ అయింది. నాయిన కిరాణా వ్యాపారి. కొడుకు లా చదువుదామని వియన్నా పోయి, ఆడ మెడిసిన్‌లకు మారిండు. 1846ల వియన్నా పెద్ద దవాఖానల, కాన్పుల వార్డుల అసిస్టెంట్ డాక్టర్‌గ చేరిండు. ఆయన మీద ప్రొఫెసర్ క్లైన్ అని పెద్దసారు ఉండె.

ఆ దవాఖానల కాన్పుల వార్డులు రెండు. మొదటిదాంట్ల డాక్టరీ చదివే పోరగాళ్లు పని నేర్చుకునేటోళ్లు. రెండోదాంట్ల మంత్రసానులు ట్రైనింగ్ తీసుకునేటోళ్లు. బిల్డింగ్ ఒకటే, ఊరు ఒకటే, వచ్చే గరీబు ఆడోళ్లూ ఒక తీరోళ్లే. కాని మొదటి వార్డుల నూరు మంది బాలింతలల్ల దగ్గర దగ్గర 10 మంది జరమొచ్చి సచ్చిపోతుండ్రి. రెండో వార్డుల 4గురు దాటకపోతుండె. ఈ సంగతి ఊరంతా ఎరుకే. మొదటి వార్డుకు వద్దని కాళ్లు మొక్కేటోళ్లు ఉండిరి. తొవ్వలనే కాన్పు చేసుకొని వచ్చేటోళ్లు సుత ఉండిరి.

పెద్దసార్లు గాలి మంచిగ లేదన్నరు, నేల గుణమన్నరు. సెమ్మెల్వైస్ రిజిస్టర్ ముందటేసుకొని రెండు వార్డుల నడుమ ఫరక్ ఏందని ఒక్కొక్కటి చూసిండు. కాన్పు చేసే పద్ధతి మార్చి చూసిండు. వార్డుల పాదరి గంట కొట్టుడు బందు చేయించి చూసిండు. ఏదీ పని చెయ్యలే. 1847 మార్చిల ఆయన దోస్తు డాక్టర్ కొల్లెచ్కా సచ్చిపోయిండు. శవాన్ని కోసేటప్పుడు ఒక స్టూడెంట్ కత్తి ఆయన వేలికి తాకింది. ఆ రోగం లక్షణాలు చూస్తే అచ్చం బాలింతల జరమే. అప్పుడు లెక్క తేలింది. స్టూడెంట్లు పొద్దుగాల్ల శవాలు కోసి, అవే చేతులతోని వార్డుకొచ్చి గర్భిణీలను ముట్టుకుంటుండ్రి. మంత్రసానులకు శవాల పని లేదు. ఫరక్ గదే.

మే నెల నడుమల వార్డు ముందట బేసిన్ పెట్టించిండు. మన బావులల్ల, మోరీలల్ల వేసే బ్లీచింగ్ పౌడర్ అసొంటిది కలిపిన నీళ్లు. చేతులు కడిగితేనే లోపలికి రావాలె. ఏప్రిల్‌ల నూటికి 18 మంది పోయిన వార్డుల జూన్‌ల 2గురికి దిగింది. 1848ల రెండు నెలలైతే ఒక్క తల్లి సుత పోలే. కొత్త మిషన్ లేదు, ఖరీదు మందు లేదు. మారింది పనిచేసేటోళ్ల అలవాటే.

మరి గంత మంచి పని ఎందుకు నిలవలే?

ఒకటి, ఆయన కాయితం మీద పెట్టలే. దోస్తులు హెబ్రా, స్కోడా ఆయన తరఫున రాసిన్రు, మాట్లాడిన్రు. ఆయన సొంత పుస్తకం వచ్చేసరికి 1861 అయింది. అంటే 14 ఏండ్లు. గీ నడుమ దూరపు డాక్టర్లకు సగం సగం ముచ్చటే చేరింది. శవాల పని చేసేటోళ్లే కడుక్కోవాలె అని కొందరు అనుకున్నరు. వార్డులనే ఒక రోగి పుండు ముట్టుకున్నంక వరుసగ 12 మందిని పరీక్ష చేస్తే 11 మంది పోయిన సంగతి, అప్పటిసంది ప్రతి రోగికీ నడుమ కడుగుడు పెట్టిన సంగతి వాళ్లకు తెల్వనే లేదు.

రెండోది, మనుషులతోని నడుచుకునే తీరు. కడగనోళ్ల మీద మండిపడేటోడు. ఎదురు చెప్పిన ప్రొఫెసర్లను హంతకులని తిడుతూ బహిరంగ లేఖలు రాసిండు. కోపానికి కారణం ఉంది, కండ్ల ముందట తల్లులు పోతుంటే ఎవనికైనా రక్తం ఉడుకుతది. కాని ఆ మాట మోసుడు ఎంత బరువో చూడుండ్రి. కీల్ పట్నంల మిఖాయెలిస్ అనే డాక్టర్ దాన్ని ఒప్పుకొని తన దగ్గర చేతులు కడిగించిండు. తన చేతులతోనే ఎందరు పోయిన్రో అన్న బాధ మోయలేక 1848ల ప్రాణం తీసుకున్నడు. అసొంటి నిజాన్ని తిట్టుతోని చెప్తే, ఎదుటోడు ఒప్పుకునుడు పోయి తనను తాను కాపాడుకునుడే చూస్తడు.

తప్పు ఆయనొక్కనిదే అంటే అన్యాయం. కుర్సీల కూసున్నోళ్లు చిన్న డాక్టర్ చెప్తే ఇనుడు నామోషీ అనుకున్నరు. రిజిస్టర్‌ల అంకెలు కనబడుతున్నా, 1849ల ఆయన కొలువు పొడిగించలే. 1850ల ఆయన దోస్తులకు సుత చెప్పకుండ పెస్ట్‌కు ఎల్లిపోయిండు. వియన్నాల చావులు మళ్లా ఎక్కువైనయ్.

పెస్ట్‌ల రోకుస్ దవాఖానల ఆరేండ్లల్ల 933 కాన్పులైతే ఆ జరంతోని పోయినోళ్లు 8 మందే. తర్వాత అక్కడి యూనివర్సిటీల ప్రొఫెసర్ అయిండు. రాను రాను మతి చెదిరింది. 1865ల వియన్నాల పిచ్చాసుపత్రిల పెట్టిన్రు. ఆడ కాపలోళ్లు కొట్టిన్రు, గాయం చీము పట్టింది. రెండు వారాలకే, 47 ఏండ్లకు సచ్చిపోయిండు. పెస్ట్‌ల ఆయన జాగకు ఇంకో డాక్టర్ వచ్చిండు. వార్డుల చావులు ఎన్నో రెట్లు పెరిగినయ్. ఎందుకని అడిగినోడు లేడు.

నాకు అన్నిటికన్న కలికలి అనిపించేది గదే. బేసిన్ ఆడనే ఉంది. ఎందుకు కడగాలెనో గుండెల పెట్టుకున్న మనుషులను ఆయన తయారు చెయ్యలేకపోయిండు. తర్వాత బ్రిటన్ల లిస్టర్ 1867ల తన పద్ధతి అచ్చేయించి, స్టూడెంట్లకు నేర్పిండు. వాళ్లు దాన్ని తమ తమ దవాఖానలకు మోసుకపోయిన్రు. పాశ్చర్ సూక్ష్మజీవుల సంగతి నిరూపించినంక లోకం సెమ్మెల్వైస్‌ను తల్చుకుంది. ఇయ్యాల బుడాపెస్ట్‌ల మెడికల్ యూనివర్సిటీ ఆయన పేరు మీదనే ఉంది.

నేను కొన్నొద్దులు ఒక పాలకేంద్రంల పనిచేసిన. చెకింగ్ సారు వచ్చిన దినం క్యాన్లు తళతళ మెరిసేయి, తెల్లారి మళ్లా వాసనే. తర్వాత ఒకాయన పాలు విరిగిన క్యాన్ల లెక్క గోడ మీద సున్నంతోని రాసుడు షురూ చేసిండు. ఎవల్నీ తిట్టలే. ఎవల క్యాను విరిగిందో, ఎన్ని పైసలు కోతపడ్డయో అందరికీ కనబడ్డది. ఆయన మానేసి పోయినా రాసుడు ఆగలే, కడుగుడూ ఆగలే.

తమ్మీ, చెల్లె, మీరు రేపు పంచాయతీల చేరినా, ఫ్యాక్టరీల చేరినా, డెలివరీ గోదాంల చేరినా ఏదో ఒక మంచి అలవాటు పెట్టాలని చూస్తరు. లెక్క రాసి గోడకు పెట్టుండ్రి. ఎందుకో పక్కోనికి సమజయ్యేటట్టు చెప్పుండ్రి. మీరు లీవు పెట్టిన దినం సుత ఆ పని నడిచిందా అని చూసుకోండ్రి. నడవకపోతే అది ఇంకా మీ ఒక్కరి పనే.