డాక్టర్ విలియం జాన్ లిటిల్

తన వైకల్యాన్నే పాఠంగా స్వీకరించి ఇతరులకు చికిత్సామార్గం చూపిన మహనీయుడు డాక్టర్ విలియం జాన్ లిటిల్. ఆయన 1810లో లండన్ నగరంలో జన్మించాడు. పసితనంలో పోలియో సోకి ఎడమ పాదం వంకర తిరిగింది. దానికి విరుగుడు వెదకుతూనే వైద్యవిద్యను అభ్యసించాడు.

1836లో ఆయన జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి స్ట్రోమేయర్ అనే శస్త్రవైద్యుని ఆశ్రయించాడు. అది మత్తుమందు వాడుకలోకి రాని కాలం. స్ట్రోమేయర్ చర్మంపై సన్నని గాటు పెట్టి, పిక్కను మడమతో కలిపే స్నాయుబంధనాన్ని కోశాడు. అయితే కోతతోనే పాదం చక్కబడలేదు. దానిని ఒక సాధనానికి బిగించి, దినదినం కొద్దికొద్దిగా సాగదీయవలసివచ్చింది. ఆ ఓర్పు ఫలించి లిటిల్ పాదం నేలపై నిలిచింది.

ఆ విద్యను నేర్చుకొని స్వదేశానికి మరలిన లిటిల్ 1837లో లండన్‌లో అదే శస్త్రచికిత్స ప్రారంభించాడు. 1840లో అంగవైకల్య చికిత్సకు ప్రత్యేక వైద్యాలయం నెలకొల్పాడు. కాళ్లు బిగుసుకొని మునివేళ్లపై నడిచే పిల్లలను ఎందరినో పరిశీలించాడు. పుట్టుకవేళ ఊపిరాడక మెదడు దెబ్బతినడమే ఈ బిగువుకు కారణమని 1861లో వివరించాడు. చిరకాలం లిటిల్ వ్యాధిగా పేరొందిన ఆ రుగ్మత నేటి సెరిబ్రల్ పాల్సీలో ఒక రకం. జననానికి ముందటి కారణాలు కూడా అనేకమని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

స్నాయుబంధనాన్ని సడలించే శస్త్రచికిత్స మెదడులోని లోపాన్ని తొలగించజాలదు. అనంతరం కండరాలు కొంతకాలం బలహీనపడి, పిల్లలు మునుపటి నడకను సైతం కోల్పోయినట్లు కనిపిస్తారు. నెలల తరబడి సాగే వ్యాయామం, ఊతపరికరాలు, పెద్దల ఓదార్పు వారిని ఆ దశ దాటిస్తాయి. శస్త్రచికిత్స ఒక్కనాటి పని, కోలుకోవడం అనుదిన సాధన. 1894లో కన్నుమూసిన లిటిల్ ఈ సత్యాన్ని తన పాదంతోనే తెలుసుకొన్నాడు.